తాళాలు ఎవరి కొంగున?

"దాచుకోవడానికి మనకేముందండీ!"

ఈమధ్య ఎక్కడికి వెళ్ళినా ఈ మాటే వినిపిస్తోంది. పేరంటాలలో, పెళ్ళిపందిళ్ళలో, అపార్టుమెంటు లిఫ్టులో ఫోను సంగతి ఎత్తితే చాలు, ఎవరో ఒకరు ఈ మాట అనేసి చేతులు దులిపేసుకుంటారు. "మనమేమన్నా దొంగతనాలు చేశామా, నల్లడబ్బు దాచామా? మనవల ఫొటోలు, వంటల వీడియోలు, పొద్దున్నే ఓ దేవుడి బొమ్మ. వాటిని ఏ అమెరికావాడో చూస్తే మాత్రం మనకొచ్చిన నష్టమేమిటి?" అంటారు. అని ఓ నవ్వు నవ్వుతారు.

ఆ నవ్వు మీద నాకు బొత్తిగా గౌరవం లేదు.

ఆ మాట అన్నావిడే ఇంటికి వెళ్ళి స్నానానికి పోతూ గడియ వేసుకుంటుంది. దీపాలు పెట్టే వేళకి కిటికీ తెరలు లాగుతుంది. ఆవిడ ఏ నేరం చేసిందని? తెలుగులో "గుట్టు" అనే మాటకి ఎంత మర్యాద వుందో చూడండి. "గుట్టుగా కాపురం చేసుకుంటోంది" అంటే మెచ్చుకోలు. "సంసారం గుట్టు, రోగం రట్టు" అన్నారు పెద్దవాళ్ళు. సంసారం సంగతులు నాలుగు గోడల మధ్య వుంచు, రోగం మాత్రం నలుగురికీ చెప్పు, ఎవరో ఒకరు మందు చెబుతారు అని. ఇప్పుడు రెండూ ఫోనుకే చెప్పేస్తున్నాం. ఫోను ఎవరికి చెబుతోందన్నదే ప్రశ్న. దానికి జవాబు "మాకేం దాపరికం లేదు" అనడం కాదు కదా!

నవలలు రాసుకునేదాన్ని కనుక ఉత్తరాలతో నాకు పాత పరిచయం. మన నవలల్లో ఒక ఉత్తరం మరొకరి చేతిలో పడి ఎన్ని కాపురాలు కూలిపోయాయో లెక్కపెట్టగలమా? చదివే ఆడవాళ్ళు అదంతా కట్టుకథ అని పుస్తకం మూసెయ్యలేదు. ఎందుకంటే అది వాళ్ళ ఇళ్ళల్లో జరిగేదే. కొత్తకోడలికి పుట్టింటి నుంచి ఇన్‌లాండు ఉత్తరం వస్తే, ముందు మామగారు చదివేవారు. తర్వాత అత్తగారు చదివించుకుని వినేది. ఆడబిడ్డ ఇంకోసారి తిరగేసేది. ఆఖరికి ఏ రాత్రికో కోడలి చేతికి వచ్చేది. జవాబు రాసి అంటించకుండా ఇవ్వాలి, పెద్దవాళ్ళు కూడా రెండు ముక్కలు రాస్తారు కనుక. ఆ పిల్ల "అమ్మా, నేనిక్కడ క్షేమం" అని తప్ప మరో మాట రాయగలిగేదా? కడుపు నిండా తిని వారం రోజులైనా సరే, క్షేమమే. వొంటి మీద వాతలు తేలినా సరే, క్షేమమే.

ఆ పిల్ల కాస్త మొహం ముడుచుకుంటే పెద్దవాళ్ళు అన్న మాట ఏమిటో తెలుసా? "దాచుకోవడానికి నీకేముంది?"

అవునండీ, అదే మాట! ఉత్తరాలు చించేవాళ్ళు కనిపెట్టిన మాట అది. దాన్ని ఈనాడు మనమే మన నోటితో, మన ఇష్టంతో, నవ్వుతూ అనేస్తున్నాం. అదీ నా కోపం.

కోపం మాట అలా వుంచి, జరిగిన సంగతులు కొన్ని చెబుతాను. నేను చదివింది బి.ఏ. కంప్యూటరు లోపల ఏముంటుందో విప్పి చూపించలేను. అయితే కోర్టు కాగితాలు, ప్రభుత్వ ప్రకటనలు చదవడానికి బి.ఏ. చాలు.

ఆడవాళ్ళ నెలసరి లెక్కలు రాసిపెట్టే "ఫ్లో" అనే యాప్ ఒకటి వుంది. ప్రపంచంలో పదికోట్ల మందికి పైగా వాడారు. ఎప్పుడు బయట చేరారు, ఎప్పుడు తప్పింది, బిడ్డ కావాలనుకుంటున్నారా వద్దనుకుంటున్నారా, అన్నీ అందులో రాసుకోవచ్చు. మీ సంగతులు మా దగ్గర భద్రం అని ఆ కంపెనీ మాట ఇచ్చింది. ఆ సంగతులే ఫేస్‌బుక్, గూగుల్ వంటి కంపెనీల లెక్కల విభాగాలకి చేరాయని అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఎఫ్.టి.సి. అనే ప్రభుత్వ సంస్థ ఆరోపించింది. 2021 లో ఆ కంపెనీ రాజీకి వచ్చింది. 2025 ఆగస్టులో కాలిఫోర్నియాలో జ్యూరీ మరో అడుగు వేసి, ఈ వ్యవహారంలో ఫేస్‌బుక్ యజమాని మెటా ఆ రాష్ట్రపు గోప్యతా చట్టాన్ని మీరిందని తేల్చింది. మన అమ్మమ్మలు ఈ సంగతి తమ అక్కచెల్లెళ్ళకి కూడా చెవిలో చెప్పుకునేవారు. ఇప్పుడది ప్రకటనలు అమ్మేవాడి చిట్టాలో ఒక పద్దు.

ఇంకొకటి. ఇంటి కాపలాకని "రింగ్" కెమెరాలు పెట్టుకున్నారు అమెరికాలో. ఆ కంపెనీ ఉద్యోగి ఒకడు 2017 లో నెలల తరబడి ఆడవాళ్ళ పడగ్గదుల్లో, స్నానాల గదుల్లో వున్న కెమెరాల వీడియోలు వేల సంఖ్యలో చూశాడని అదే ఎఫ్.టి.సి. 2023 లో బయటపెట్టింది. తోటి ఉద్యోగిని ఒకావిడ పసిగట్టి చెబితే, పైఅధికారి మొదట అదేమంత విశేషం కాదని కొట్టిపారేశాడట! చివరికి కంపెనీ 58 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. దొంగలు రాకుండా పెట్టుకున్న కన్ను అది. ఇంటిగుట్టు లంకకు చేటు అన్నారు. గుట్టు చెప్పడానికి ఒక విభీషణుడు ఇల్లు దాటి వెళ్ళాల్సొచ్చింది అప్పుడు. ఇప్పుడా శ్రమ కూడా లేదు. విభీషణుణ్ణి మనమే కొని, గోడకి మేకు కొట్టి తగిలించుకుంటున్నాం.

"అవి చూడడం సంగతి. మనల్ని ఎవరు చూస్తారులెండి" అంటారు మళ్ళీ. సరే, చూడడం వదిలేద్దాం. పోవడం సంగతి చూద్దాం.

2021 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి తన చంటిబిడ్డకి మర్మస్థానంలో వాపు వస్తే, డాక్టరుకు చూపించడానికని ఫొటో తీశాడు. కోవిడ్ రోజులు, ఆస్పత్రివాళ్ళే ముందుగా ఫొటోలు పంపమన్నారు. ఆ ఫొటో ఆయన ఫోను నుంచి దానంతటదే గూగుల్ గిడ్డంగికి చేరింది. గిడ్డంగిలోని యంత్రం దాన్ని పసిపిల్లల మీద అత్యాచారపు బొమ్మ అనుకుంది. రెండు రోజుల్లో ఆయన ఖాతా మూతపడింది. ఉత్తరాలు, బిడ్డ పుట్టినప్పటి ఫొటోలు, చిరునామాలు, ఆఖరికి ఫోను నంబరుతో సహా అన్నీ పోయాయి. పోలీసులు విచారించి ఏ నేరమూ లేదన్నారు. ఆ మాట చెప్పినా కంపెనీ ఖాతా తిరిగి ఇవ్వలేదు. 2022 లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఈ కథంతా రాసింది.

పసిపిల్లల్ని హింసించేవాళ్ళని పట్టుకోవద్దని ఏ తల్లీ అనదు. నేను అడుగుతున్నది వేరు. పోలీసు వదిలేసిన మనిషిని కంపెనీ వదలకపోతే ఆ మనిషి ఎవరి గడప తొక్కాలి? ఏ ఆఫీసుకి వెళ్ళాలి? ఎవరి ముందు బిడ్డని చూపించి "ఇదుగో నాయనా, ఇదీ సంగతి" అని చెప్పుకోవాలి? మన ఇంటి ఓనరు ఎంత దుర్మార్గుడైనా ఖాళీ చెయ్యమనడానికి ఓ నెల గడువిస్తాడు, సామాను తీసుకుపోనిస్తాడు. అద్దె లేని ఈ ఇళ్ళల్లో ఆ పాటి మర్యాద కూడా లేదు.

యజమానికి కోపం రానక్కర్లేదు, విసుగొచ్చినా చాలు. ఆర్కుట్ గుర్తుందా? 2004 లో మొదలై మన దేశంలో కాలేజీ పిల్లలందరినీ ఊపేసింది. 2014 సెప్టెంబరు 30న మూసేశారు. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో మామూలు జనానికి మూతపడింది. ముందుగా చెప్పారు, దింపుకోమన్నారు, నిజమే. అయినా పందిరి వాళ్ళది, ఎప్పుడు పీకేయాలో వాళ్ళ ఇష్టం. పెళ్ళి మాత్రం మనది!

మరయితే ఎందుకు వదలలేకపోతున్నాం? మనకి తెలివి లేకనా? కాదు. అక్కడ మన అక్క వుంది, ఆడపడుచు వుంది, పిల్లవాడి స్కూలు టీచరు వుంది. ఒక్కరం వచ్చేస్తే వెలి వేసినట్టవుతుంది. ఆ కంపెనీలకి మన మీద వున్న పట్టంతా ఇదే. వాళ్ళు కట్టుకున్నది మన చుట్టాల చుట్టూ గోడ.

ఆ గోడ సృష్టిధర్మమేమీ కాదని మీకూ నాకూ రోజూ కనిపిస్తూనే వుంది. మీరు పాలబ్బాయికి ఒక యాప్ నుంచి డబ్బు పంపుతారు. అతని దగ్గర వున్నది వేరే యాప్. మీ బ్యాంకు ఒకటి, అతని బ్యాంకు ఒకటి. అయినా డబ్బు క్షణంలో చేరుతుంది. ఎందుకు? 2016 లో యు.పి.ఐ. పెట్టినప్పుడే అందరూ ఒకే భాషలో మాట్లాడుకోవాలని కట్టుబాటు చేశారు కనుక. ఫోను కంపెనీ నచ్చకపోతే నంబరు మార్చకుండానే మరో కంపెనీకి పోవచ్చు. 2011 జనవరి నుంచీ దేశమంతటా ఆ హక్కు వుంది. ఇక పోస్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. అంతర్జాతీయ తపాలా సంఘం 1874 నాటిది. అమలాపురంలో డబ్బాలో వేసిన ఉత్తరం అట్లాంటాలో వున్న కూతురికి చేరుతుంది. అమెరికా పోస్టాఫీసులో మనం ఖాతా తెరవలేదే!

డబ్బు పోతుంది, ఉత్తరం పోతుంది, ఫోను మోగుతుంది. ఒక యాప్‌లో వున్న తల్లి ఇంకో యాప్‌లో వున్న కూతురికి "తిన్నావా" అని మాత్రం అడగలేదు! ఇది సాంకేతిక సమస్య అంటే నేను నమ్మను. ఇది వ్యాపారం.

ఈ గోడ లేకుండా కట్టినవి వున్నాయి. 2016 లో జర్మనీలో యూజెన్ రోచ్కో అనే కుర్రవాడు "మాస్టడాన్" అని ఒకటి మొదలుపెట్టాడు. దాని పద్ధతి మన పోస్టాఫీసు పద్ధతే. ఒక పెద్ద భవనం, ఒక యజమాని అంటూ వుండరు. ఎవరి ఊళ్ళో వాళ్ళు ఒక చిన్న పోస్టాఫీసు పెట్టుకుంటారు. దాన్నే సర్వరు అంటారు. ఒక కాలేజీ పెట్టుకోవచ్చు, ఒక సంఘం పెట్టుకోవచ్చు, చేతనైతే ఒక్క మనిషే పెట్టుకోవచ్చు. ఈ ఊరివాళ్ళు ఆ ఊరివాళ్ళతో మాట్లాడుకోవచ్చు. పోస్టుమాస్టరు నచ్చకపోతే ఇంకో ఊరికి మారిపోవచ్చు, మనల్ని చదివేవాళ్ళు మన వెంటే వస్తారు. పాత రాతలు మాత్రం పాత ఊళ్ళోనే వుండిపోతాయి, అదొక లోటు. ఈ సర్వర్లన్నీ మాట్లాడుకునే భాష పేరు యాక్టివిటీపబ్. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే డబ్ల్యు3సి సంస్థ 2018 జనవరిలో దానికి ప్రమాణముద్ర వేసింది.

మనవాళ్ళు అక్కడికి వెళ్ళకపోలేదు. 2019 నవంబరులో, సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాని ట్విట్టర్ ఆపేసినప్పుడు మన దేశం నుంచి ఓ గుంపు కదిలింది. 2022 అక్టోబరులో ఇలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లకి ట్విట్టర్‌ని కొన్నప్పుడు ప్రపంచమంతటి నుంచీ కదిలారు. చాలామంది కొన్నాళ్ళకి మళ్ళీ పాత గూటికే చేరారు. "చూశారా, ఇవన్నీ నిలబడవు" అని కొందరు పెద్దమనుషులు సంబరపడ్డారు. పుట్టింటికి వచ్చిన అమ్మాయి పిల్లల కోసం తిరిగి వెళ్ళిపోతే, ఆ ఇల్లు బాగుందని అర్థమా? పిల్లలు అక్కడ వున్నారని అర్థం!

కనుక గోడ కూలగొట్టాల్సింది ఆడవాళ్ళు ఒక్కొక్కరూ కాదు, చట్టం. ఐరోపా దేశాలు కలిసి 2022 లో ఒక చట్టం చేశాయి. పెద్ద సందేశాల కంపెనీ, చిన్నవాళ్ళు వచ్చి అడిగితే తలుపు తీసి కలుపుకోవాలని అందులో వుంది. మన దగ్గరా ఓ చిన్న కదలిక వుంది. "మా కొత్త షరతులు ఒప్పుకో, లేకపోతే పో" అని 2021 లో వాట్సాప్ అన్నందుకు కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో మెటాకి 213 కోట్ల రూపాయల జరిమానా వేసింది. షరతుల మీద జరిమానా మంచిదే. గోడ మాత్రం అలాగే వుంది. యు.పి.ఐ. కట్టగలిగిన దేశానికి ఇది చేతకాదా? అడిగేవాళ్ళు లేక గానీ!

ఇక సొంతిల్లు. మన ఫొటోలు, కాగితాలు కంపెనీ గిడ్డంగిలో కాకుండా మన ఇంట్లోనే ఒక చిన్న కంప్యూటరులో పెట్టుకుని, ఎక్కడినుంచైనా చూసుకునే ఏర్పాటు. దీన్ని సెల్ఫ్ హోస్టింగ్ అంటారు. అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై అనే కంప్యూటరు 2012 లో వచ్చింది. దాని మీద నడిపే నెక్స్ట్‌క్లౌడ్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉచితం. ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, బాగుచేసుకోవచ్చు.

ఇది ఎంత సులువో అని ఊదరగొట్టే కుర్రకారుని చూస్తే నాకు నవ్వొస్తుంది. ఇది ఆవకాయ పెట్టడం లాంటిది. కాయ తుడవడం దగ్గర్నుంచి జాడీకి వాసెన కట్టేదాకా ఎక్కడ తడి తగిలినా బూజే. కరెంటు పోతుంది, డిస్కు చచ్చిపోతుంది, తాజా మరమ్మతులు వెయ్యకపోతే దొంగలు దూరతారు. రెండో నకలు వేరే చోట పెట్టకపోతే ఒక్క పిడుగుకి పదేళ్ళ ఫొటోలు మాయం. అందరూ పెట్టుకోవాలని నేనను. అయితే ఆవకాయ అందరూ పెట్టకపోయినా, వీధికి ఒక్కరైనా పెట్టేవాళ్ళున్నన్నాళ్ళూ కొట్లో సీసా ధర వాడి ఇష్టం కాదు. తెలిసినవాళ్ళు వుండాలి. ఆ విద్య ఊళ్ళో వుండాలి.

ఇంతవరకూ చెప్పింది సొంతింటి మేస్త్రీలు కూడా చెబుతారు. వాళ్ళు చెప్పనిది ఒకటుంది. దాన్ని ఆడదాన్ని కనుక నేనే చెప్పాలి.

ఇంట్లో సర్వరు పెడితే, దాని తాళం ఎవరి దగ్గర వుంటుంది?

అబ్బాయి దగ్గర. లేదా వారి దగ్గర. "నీకెందుకే, నేను చూసుకుంటాగా" అంటారు. అలా అన్నప్పుడు ప్రేమగానే అంటారు. కానీ సర్వరు నడిపే మనిషి తలుచుకుంటే అందులో వున్నదంతా చూడగలడు. మాస్టడాన్‌లో మనం విడిగా రాసుకునే సందేశాలు కూడా ఆ సర్వరు నడిపేవారు చదవగలరు. ఎక్కడో సముద్రాల అవతల వున్న కంపెనీకి మన అమ్మ రాసిన మాట ఒక అంకె. మామగారికి అలా కాదు! వికేంద్రీకరణ అంటే ఢిల్లీ నుంచి తాళాలు తెచ్చి ఊరి మునసబు చేతిలో పెట్టడం అయితే, ఆ ఊళ్ళో ఆడదానికి ఒరిగేదేమిటి?

ఇది నా ఊహ కాదు, మన కోర్టులకి ఎక్కిన సంగతే. భార్య ఫోనులో మాట్లాడుకున్నవి భర్త ఆమెకి తెలియకుండా రికార్డు చేస్తే అది ఆమె గోప్యతకి భంగమని, అది సాక్ష్యంగా పనికిరాదని 2007 లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. పెళ్ళయినంత మాత్రాన మనిషి మాట మరొకరి ఆస్తి కాదని పదేళ్ళ ముందే అన్నారు మనవాళ్ళు! గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది 2017 ఆగస్టు 24న. అదే కోర్టు 2025 జూలైలో మాత్రం, భార్యాభర్తలు ఒకరికి తెలియకుండా ఒకరు చేసిన రికార్డింగు విడాకుల కేసులో సాక్ష్యంగా చెల్లుతుందంది. కాపురం అంత దూరం వచ్చిందంటే అది అప్పటికే చెడిందని కోర్టు వాదం. కావచ్చు. కానీ చెడిన కాపురంలోనే కదా ఆడదానికి తల్లితో గుట్టుగా మాట్లాడుకునే అవసరం ఎక్కువ!

అందుకని నేననేది ఇది. కంపెనీ నుంచి విడిపించుకున్న తాళాలు హాల్లో టీవీ పక్కన మేకుకి తగిలించవద్దు. ఎవరి తాళం వాళ్ళ కొంగున వుండాలి. సాంకేతికంగా దీనికి మార్గం వుంది. రాసిన మనిషీ చదివే మనిషీ తప్ప మధ్యలో మోసుకుపోయేవాడు విప్పలేని పద్ధతిని ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అంటారు. వాట్సాప్‌లో 2016 నుంచీ అది వుంది, కాదనను. అయితే కవరు అతికించి వున్నా, ఎవరు ఎవరికి ఎన్నింటికి రాస్తున్నారో కవరు మీద అడ్రసులు చూసి రాసుకోవచ్చు. అంతకన్నా తక్కువ రాసుకునేది సిగ్నల్ అనే యాప్. లాభం కోసం కాకుండా ఒక ఫౌండేషన్ నడుపుతోంది. అదీ ఒకే చోటి నుంచి నడిచేదే, మాస్టడాన్‌లా ఊరూరా లేదు. గోడ లేని మాస్టడాన్‌లో తాళం గట్టిది కాదు, తాళం గట్టిగా వున్న సిగ్నల్‌లో గోడ వుంది. రెండూ కావాలని మనం అడగాలి. అడిగితే కట్టేవాళ్ళు పుడతారు.

"ఆడవాళ్ళకి ఇవన్నీ ఎక్కడ వస్తాయండీ" అనే మగవారికి ఒక్క మాట. 1992 లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా కొట్లు మూయించిన ఆడవాళ్ళకి సంతకం పెట్టడం అప్పుడప్పుడే వచ్చింది. ఆ జిల్లాలోనే పొదుపు ఉద్యమం లేచింది. సారాకి పోయే డబ్బు దాచుకుంటాం, లెక్కల పుస్తకం మేమే చూసుకుంటాం అంటే నవ్వినవాళ్ళు నవ్వారు. ఆ తర్వాత రాష్ట్రమంతా పొదుపు సంఘాలు వెలిశాయి. డబ్బు పెట్టెకి కాపలా కాయడం వచ్చినవాళ్ళకి ఫొటోల పెట్టెకి కాపలా కాయడం రాదా? ఒక కాలనీ మహిళామండలి కలిసి ఒక సర్వరు పెట్టుకుని, చదువుకున్న ఒక అమ్మాయికి నెలకింత అని జీతమిచ్చి, తాళాలు ఎవరివి వాళ్ళే పెట్టుకుంటే ఏ ఆకాశం కూలుతుంది? ఆ అమ్మాయికి ఉద్యోగం, మనకి గుట్టు. చీరల చిట్టీలు నడిపే చేతులకి ఇది పెద్ద లెక్క కాదు.

దానికి టైము పడుతుందంటే, సరే. ఈలోగా ఈ వారం ఒక్క పని చెయ్యండి. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు మీ ఫోను తీసి, మీ ఈమెయిలు ఖాతా పాస్‌వర్డు మర్చిపోతే రహస్యసంఖ్య ఎవరి ఫోనుకి వెళ్తుందో చూడండి. చాలామంది ఇళ్ళల్లో అది ఆయన నంబరు. లేదా ఖాతా తెరిచిపెట్టిన నాడు పక్కనున్న మేనల్లుడి నంబరు. ఆ నంబరు ఎవరిదైతే ఖాతా వారిది, మీది కాదు. అది తీసేసి మీ నంబరు పెట్టుకోండి. కొత్త పాస్‌వర్డు మీరే ఆలోచించి పెట్టుకోండి. పిల్లల పుట్టినరోజులు వద్దు, ఇంట్లో అందరికీ తెలుసు. కాగితం మీద రాసి, బీరువాలో మీ పెళ్ళిచీర మడతలో దాచండి. ఫొటోలన్నీ ఒక డిస్కులోకి ఎక్కించి అది కూడా అక్కడే పెట్టండి. అపార్టుమెంటు సంఘంవారు గేటు దగ్గర యాప్‌లో మీ ఫొటో, వేలిముద్ర అడిగితే "ఎందుకు, ఎన్నాళ్ళు దాస్తారు, ఎవరు చూస్తారు" అని మూడు ప్రశ్నలు వెయ్యండి. అలా అడిగే హక్కుకి 2023 లో పార్లమెంటు ఒక చట్టం చేసింది, 2025 నవంబరులో దాని నియమాలు కూడా వచ్చాయి.

సాయంత్రం ఆయన వచ్చి "పాస్‌వర్డు మార్చావా? ఎందుకూ, నా దగ్గర దాచుకోవడానికి నీకేముంది?" అని అడగవచ్చు. కోపం తెచ్చుకోకండి. కాఫీ ఇచ్చి, "మీ ఫోనిలా ఇవ్వండి, చూసి చెబుతాను" అనండి.